పీలికలేవని అడిగినవాణ్ణి నేనే

జాకెట్ల అత్త పోయింది. మాచర్ల రైల్లో వచ్చి నరసరావుపేటలో దిగేసరికి స్టేషను బయట జట్కా అతను చెప్పాడు. "మీ వీధి కుట్టుపని అమ్మగారు పొద్దున్నే పోయారంట బాబూ. మిషను మీద తలపెట్టి పడుకున్నట్టే ఉన్నారంట." ఎక్కమన్నాడు. నేను ఎక్కలేదు, నడిచే వెళ్ళాను. ఆ ఇంటికి త్వరగా చేరే ముఖం నాకు లేదు.

ఆమె మాకు చుట్టం కాదు. మా ఇంటికి రెండిళ్ళ అవతల, క్రైస్తవ మిషను కాంపౌండు గోడ పక్కన ఉండేది. చిన్నప్పుడు బోర్డింగు బళ్ళో దొరసానుల దగ్గర సూదిపని నేర్చుకుంది. భర్త పోయాక ఆ పనే ఆమెను నిలబెట్టింది. కోమట్ల ఇళ్ళ ఆడవాళ్ళూ, పంతులమ్మలూ, మిరపకోతలకు పోయేవాళ్ళూ అందరూ ఆ వరండాలోనే చాప మీద కూర్చుని తమ వంతు కోసం చూసేవాళ్ళు.

ఆమె పని చూస్తే నాకు చిరాకొచ్చేది. గుడ్డను ముందు నీళ్ళలో నానేసి నీడన ఆరబెట్టేది. కాగితం మీద కొలత గీసి, కత్తిరించి, ఆ కాగితాన్ని మనిషి మీద పెట్టి చూసి, అప్పుడుగాని గుడ్డ మీద కత్తెర పెట్టేది కాదు. బుట్టచేతుల కుచ్చులు లెక్కగా, రెండు వైపులా ఒకే తీరుగా వచ్చేవి. అంచు మడత చేత్తో కుట్టేది. సూది ఒక్క దారప్పోగును పట్టుకుని వదిలేది, బయటికి కుట్టు కనబడేది కాదు. కనబడని చోట ఇంత పనెందుకత్తా అంటే, "బయట కుట్టు లోకానికి, లోపలి కుట్టు ఒంటికి" అనేది. ఉన్నవాళ్ళ సోకు కోసం లేనివాళ్ళ కళ్ళు పోతున్నాయని ఆమెకే ఉపన్యాసం చెప్పాను. ఒక కరపత్రం కూడా ఇచ్చాను. మర్నాడు చూస్తే దాన్ని చేతి కొలతకు కత్తిరించి పెట్టుకుంది.

"చదివాకే కత్తిరించాలే నాయకుడా" అంది. "మాటలు బాగానే ఉన్నయి. చంక దగ్గరే కాస్త బిగువు."

వరండా అంతా నవ్వింది. ఆ నవ్వు నాలో ఉండిపోయిందేమో, ఇప్పుడు ఆలోచిస్తే అనిపిస్తుంది.

మా వైపు ఒక ఆచారం ఉంది. జాకెట్టు కుట్టినవాళ్ళు మిగిలిన పీలికలను చుట్టి, జాకెట్టుతోపాటు తిరిగి ఇవ్వాలి. బొంతకో, పసిపిల్లలకో పనికొస్తాయి. పీలికలివ్వని చెయ్యి దొంగచెయ్యని సామెతలాగా అంటారు. జాకెట్ల అత్త అందరికీ ఇచ్చేది. మా ఇంటికి మాత్రం ఇచ్చేది కాదు. అమ్మ బొంత కుడుతుండగా ఒకరోజు నాకది తట్టింది. అడిగితే అమ్మ తల ఎత్తకుండా, "ఆమె ఇవ్వదులే, నువ్వూరుకో" అంది. సరిగ్గా ఆ వారమే కొలతల మోసాల మీద ఒక చిన్న పుస్తకం చదివి ఉన్నాను. ఇంకేం కావాలి నాకు?

క్రిస్మస్ ముందర, వరండా నిండా జనం ఉన్నప్పుడు వెళ్ళాను. మా చెల్లెలు కూడా అక్కడే గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"అత్తా, మా చెల్లెలి జాకెట్టుకు గజం గుడ్డ ఇచ్చాం. ముప్పాతిక చాలు. పీలికలేవి?"

మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది. "మిగల్లా అబ్బాయ్."

"ప్రతిసారీ మిగలదా? కోమట్ల ఇళ్ళకు మూటగట్టి పంపుతావు. లేనోళ్ళ గుడ్డయితేనే మిగలదా?"

ఆమె నా వైపు చూడలేదు. చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు తల దించుకుంది.

"సరే, నా చేతిలోనే పోయినయి అనుకో" అంది అత్త. "ఇంక పో నాయనా, పనుంది."

దొంగ ఒప్పుకుందనుకున్నాను. చాప మీద ఉన్న ఒక పెద్దావిడ "ఏమే, నువ్వు గూడానా" అంటూ కత్తెర పడని తన గుడ్డను తీసుకుని లేచింది. ఆమె వెనకే ఇంకో ఇద్దరు లేచారు. నేను గెలిచినవాడిలా వీధిలో నడిచాను. ఆ క్రిస్మస్‌కు ఆ మిషను చప్పుడు చానా రోజులు వినబడలేదు.

రెండేళ్ళు గడిచాయి. మొన్న వానాకాలంలో దండెం మీద చెల్లెలి జాకెట్టు తిరగేసి ఆరేసి ఉంది. ఎడమ భుజం లోపల, అదే గుడ్డ పీలికలు పొరమీద పొరగా పేర్చి, అంచుల దగ్గర పలచబడేలా కోసి, మెత్తగా కుట్టి ఉన్నాయి. బయట నుంచి చూస్తే గీత కూడా లేదు. రంగు గుడ్డ పెడితే పలచని జాకెట్టులోంచి తెలిసిపోతుందని ఆ జాకెట్టు గుడ్డే వాడింది. అందుకే మాకు పీలికలు లేవు.

చెల్లెలు చెప్పింది. పన్నెండో ఏట జ్వరమొచ్చి లేచాక ఎడమ భుజం కిందికి దిగిందట. అమ్మకు తెలుసు, అత్తకు తెలుసు. బడికి పోతే పిల్లలు వెక్కిరిస్తారని ఏడిస్తే, "ఒంటి సంగతి టేపు దగ్గరే ఆగిపోద్దిలే తల్లీ" అని అత్త మాటిచ్చిందట. లోకంలోని బాధలన్నీ చదివినవాణ్ణి, ఒకే కంచం దగ్గర కూర్చునే పిల్ల భుజం చూడలేదు.

"ఆ రోజే నాకెందుకు చెప్పలా?"

"నీకు చెబితే మీటింగులో చెబుతావని."

తెలిసి ఆరు నెలలైంది. క్షమాపణ అని మొదలుపెట్టి నాలుగు పేజీలు రాశాను. చదువుకుంటే అందులోనూ ఉపన్యాసమే ఉంది, చించేశాను. ఒకసారి వరండా దాకా వెళ్ళాను. అత్త కళ్ళద్దాలు పైకి తోసి, "ఏంది నాయకుడా, మళ్ళీ కొలతకొచ్చావా? అన్నం తిన్నావా?" అంది. "ఊరకే వచ్చా" అని తిరిగొచ్చేశాను. ఒక్క మాట. అంత పని నా వల్ల కాలేదు.

ఆ రోజు స్టేషను నుంచి నేను వెళ్ళేసరికి శవపెట్టె వరండాలోకి తెచ్చారు. ఆనాడు గుడ్డ తీసుకుని లేచిన పెద్దావిడ కళ్ళు తుడుచుకుంటూ పక్కామెతో అంటోంది. "పని బంగారం. చెయ్యే కాస్త..."

నాకు వినబడింది. నాలుగు వీధుల్లో అరిచి మాట్లాడే నోరు నాది. తెరుచుకోలేదు.

పెట్టె పక్కన కూర్చున్న చెల్లెలు లేచి ఇంటికి వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు భుజం లోపల పీలికల్లేని జాకెట్టు తొడుక్కుంది, అత్త కుట్టిన జాకెట్టు చేతిలో ఉంది. దాన్ని తిరగేసి ఆ పెద్దావిడ ఒళ్ళో పెట్టింది.

"పీలికలు ఇవి పెద్దమ్మా. మా అన్న అడిగినవి. ఎనిమిదేళ్ళుగా ప్రతి జాకెట్టులోనూ నా భుజం మీదే ఉన్నయి."

పెద్దావిడ ఆ కుట్టు మీద వేలు పెట్టి తడిమి తడిమి చూసింది. తర్వాత నేనిదంతా రాస్తానంటే చెల్లెలు, "రాయి. అత్త పేరు కంటే నా భుజం ఎక్కువేం గాదు" అంది. అందుకే రాస్తున్నాను.

సమాధుల దాకా ఆడవాళ్ళు కూడా నడిచారు. నేను చివరన నడిచాను. ముందు పెట్టె, దాని వెనకే మా చెల్లెలు. ఎడమ భుజం కిందికి వాలి ఉంది. పైట ఆ భుజం మీద నిలవడం లేదు, నాలుగడుగులకోసారి జారుతోంది. తను తొందరేమీ లేకుండా, అందరూ చూస్తుండగా, దాన్ని పైకి లాక్కుని నడుస్తోంది.