ముప్పై ఏడో మనిషి

డెల్ఫీనా క్రాట్జర్ లెక్క తప్పిందన్నవాళ్ళు టాల్మన్ క్రీక్ ఊరు మొత్తానికి ఇద్దరే. ఒకరు వాళ్ళమ్మ. చివరి రోజుల్లో ఆవిడ కూడా మాట వెనక్కి తీసుకుంది. రెండోవాడు చెప్పులు బాగుచేసే ఎనోస్ డీట్రిక్. అతని కథే ఇది, కాకపోతే గొప్పంతా ఆమెది.

డెల్ఫీనా పగలంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని ఊరివాళ్ళ మాటలు ఒకరికొకరికి కలిపేది. సాయంత్రం ఊరి పత్రికకి మూడు లైన్లు రాసేది. ఆటల పేజీ అడుగున, బేస్‌బాల్ స్కోరు పట్టీలకీ టైర్ల దుకాణం ప్రకటనకీ మధ్య, అగ్గిపెట్టె పట్టేంత చోటు. శీర్షిక పేరు 'గమనించారా?'. పంతొమ్మిదేళ్ళుగా మూడు లైన్లే, ఒక్క తప్పూ లేదు. "46, 49, 52 సంవత్సరాల్లో జూలై నాలుగున మన జట్టు 7-4 స్కోరుతోనే ఓడింది. మన ఫైర్ స్టేషన్ ఫోన్ నంబరు 74." ఇలాంటివి. వీటివల్ల ఎవరికీ పైసా ఉపయోగం లేదు. అయినా ఉక్కు మిల్లులో షిఫ్టు దిగినవాళ్ళు మొదటి పేజీలో ఉన్న ప్రెసిడెంటుని పక్కకి నెట్టి ముందు ఈ మూడు లైన్లే చదివేవాళ్ళు. జూలై అయిదో తేదీన అరవై మంది ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేసి స్కోరు అడిగారంటే ఆ ఫోన్లు కలిపింది కూడా డెల్ఫీనాయే.

లెక్కపెట్టడం ఆమెకి ఊపిరి తీయడంలాంటిది. ఒకప్పుడు ఒక బీమా ఏజెంటు ఆమెని పెళ్ళి చేసుకోవాలని ఆదివారం భోజనానికొచ్చాడు. చివర్న యాపిల్ పై ముక్క నోట్లో పెట్టుకోబోతుంటే, "మీరు ఇప్పటికి 'నిజం చెప్పాలంటే' అన్న మాట నలభై ఒక్కసార్లు అన్నారు" అంది. అతను ఆ ముక్క తినకుండానే వెళ్ళిపోయాడు.

1958 ఆగస్టులో ఒకరోజు ఆమె రాసింది: "టాల్మన్ క్రీక్ ఈ దేశానికి ఒక గవర్నర్నీ, ఇద్దరు బ్యాంకు దొంగల్నీ ఇచ్చింది. పెద్ద లీగు బేస్‌బాల్‌కి మాత్రం ఇంతవరకు ఒక్క ఆటగాణ్ణీ ఇవ్వలేదు."

మర్నాడు పొద్దున్నే ఎనోస్ తోలు ఏప్రను విప్పకుండానే పత్రికాఫీసుకొచ్చాడు. అప్పటికి యాభై ఆరేళ్ళుంటాయి. చేతిలో పేపరు, పెదాల మధ్య రెండు మేకులు.

"మిస్ క్రాట్జర్, నన్ను చంపేశారు మీరు."

"మేకులు తీసి మాట్లాడండి, మింగేస్తారు."

తీశాడు. "పంతొమ్మిదొందల ఇరవై ఒకటి, సెప్టెంబరు పది. ఫిలడెల్ఫియా జట్టు తరఫున ఆడాను నేను. ఈ ఊళ్లో ఎన్నిసార్లు చెప్పానో మీకు తెలీదూ?"

"తెలుసు. పదకొండుసార్లు నేనే విన్నాను. మీరు పట్టిన చేప సంగతి కూడా విన్నాను."

సంపాదకుడు వెండెల్ స్టౌట్ తన గదిలోంచే నవ్వాడు. ఎనోస్ చెవులు ఎర్రబడ్డాయి.

"నవ్వుకోండి. నాకు కొడుకుల్లేరు, ఇల్లు బ్యాంకువాళ్ళది. నాకున్నది ఆ ఒక్క మధ్యాహ్నం. దాన్ని కూడా మూడు లైన్లలో కొట్టేశారు." పేపరు బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు.

వెండెల్ బయటికొచ్చాడు. అతనూ డెల్ఫీనా బళ్ళో ఒకే బెంచీమీద కూర్చుని చదువుకున్నవాళ్ళు. "వాడి మాటలు పట్టించుకోకు డెల్ఫీనా. కానీ ఒకటి గుర్తుపెట్టుకో. నీ మూడు లైన్ల చోటు కోసం టైర్లాయన రెండేళ్ళ నుంచి నా వెంటపడుతున్నాడు. నీది తప్పని ఎవడైనా తేల్చాడా, ఆ చోటు ఆయనదే."

"తప్పయితే ఆయనకే ఇచ్చెయ్యి," అందామె, కోటు తొడుక్కుంటూ.

ఎనోస్ చెప్పే కథ ఇది. అప్పుడతనికి పంతొమ్మిదేళ్ళు. మరమ్మతు చేసిన ఆట బూట్ల మూట మోసుకుని ఫిలడెల్ఫియా మైదానానికి వెళ్ళాడు. ఆ ఏడు ఆ నగరంలో ఉన్న రెండు జట్లూ పట్టికలో అట్టడుగునే ఉన్నాయి. సగంమంది దెబ్బలతో పడున్నారు. చివరి ఇన్నింగ్సులో మేనేజరు విసుగెత్తి, "నీకు బ్యాటు పట్టుకోవడం వచ్చా?" అన్నాడు. ఎనోస్ పట్టుకుని నిలబడ్డాడు. నాలుగు చెడ్డ బంతులు పడ్డాయి. అలా పడితే కొట్టకుండానే మొదటి బేసుకి, అంటే మొదటి మజిలీకి, నడిచి వెళ్ళొచ్చు. నడిచాడు. తరవాతి మనిషి కొట్టిన దెబ్బకి మూడో బేసు దాకా పరిగెత్తాడు. ఆ తరవాతివాడు ఔటయ్యాడు. ఆట అయిపోయింది. ఎనోస్ ఇంటికి, అంటే బ్యాటు పట్టుకుని బయల్దేరిన చోటికి, తొంభై అడుగుల దూరంలో మూడో బేసు మీదే మిగిలిపోయాడు.

ఆ రాత్రి డెల్ఫీనా తన నోటు పుస్తకం తీసింది. అందులో ఎనోస్‌కి ఒక పేజీ ఉంది. ఉండకుండా ఎలా ఉంటుంది? చేప: 1944లో రెండడుగులు, 50లో మూడున్నర, నిరుడు అయిదడుగులు. అడవిలో ఎదురైన ఎలుగుబంటి: మొదట ఒకటి, తరవాత ఒకటీ దాని పిల్లా, ఇప్పుడు కుటుంబం. బేస్‌బాల్: పదకొండుసార్లు. పదకొండుసార్లూ నాలుగు చెడ్డ బంతులే, పదకొండుసార్లూ మూడో బేసే. ఒక్కసారైనా ఇంటికి చేరలేదు. ఒక్కసారైనా బంతిని కొట్టలేదు.

"ఇంత కోతలరాయుడు దీన్నొక్కదాన్నే ఎందుకు పెంచలేదు?" అనుకుందామె.

సెలవురోజున నాలుగు గంటలు బస్సులో కూర్చుని ఫిలడెల్ఫియా గ్రంథాలయానికి వెళ్ళింది. పాత పత్రికల కట్ట తీయించింది. ఆ రోజు స్కోరు పట్టీ దొరికింది. ఫిలడెల్ఫియా 5-2తో ఓడింది. డీట్రిక్ అన్న పేరు లేదు. పైనుంచి కిందికి, కిందనుంచి పైకి వెతికింది. లేదు.

పోనీలే అని కట్ట మూయబోయి, అలవాటుకొద్దీ కూడింది.

స్కోరు పట్టీ రాసేవాళ్ళందరికీ ఒక సరిచూపు ఉంటుంది. బ్యాటు పట్టి దిగిన మనిషికి మూడే గతులు. పరుగు తీసి ఇంటికి చేరాలి, లేదా ఔటవ్వాలి, లేదా బేసు మీద మిగిలిపోవాలి. నాలుగో గతి దేవుడు కూడా పెట్టలేదు. దిగినవాళ్ళెందరో ఈ మూడూ కలిపితే అంతే రావాలి. ఒకడే నాలుగుసార్లు దిగితే నలుగురి కింద లెక్క. పరుగులు రెండు, ఔట్లు ఇరవై ఏడు, బేసుల మీద మిగిలినవాళ్ళు ఎనిమిది. ముప్పై ఏడు. పేర్ల పక్కన ఎవరెన్నిసార్లు దిగారో వేసిన అంకెలు కూడింది. ముప్పై ఆరు.

మళ్ళీ కూడింది. ముప్పై ఆరే.

ఔటైన ఇరవై ఏడూ ఎవరెవరి ఖాతావో తేలిపోయాయి. కొట్టిన దెబ్బలన్నిటికీ, పరుగు తీసిన ఇద్దరికీ పేర్లున్నాయి. బేసుల మీద మిగిలినవాళ్ళలో మాత్రం ఏడుగురికే పేర్లు. ఎనిమిదోవాడు బంతిని కొట్టలేదు, ఔటవలేదు, ఇంటికి చేరలేదు. వచ్చాడు, నడిచాడు, అక్కడే నిలబడిపోయాడు. పేర్లు దించుకున్నవాడు వాణ్ణి చూడలేదు. కింద మొత్తాలు వేసినవాడు చూశాడు.

గ్రంథాలయంలో గట్టిగా మాట్లాడకూడదని డెల్ఫీనాకి తెలుసు. అయినా, "ఓరి దేవుడా, మూడో బేసు మీదే ఉన్నాడు!" అంది. అక్కడ చదువుకుంటున్నవాళ్ళు పద్నాలుగుమంది తలెత్తి చూశారు.

వెండెల్‌కి కాగితం చూపించింది.

"పేరు లేదుగా?" అన్నాడు.

"లేదు."

"మరి వాడే అని ఎలా రాస్తావ్?"

"రాయను. నాకు తెలిసింది రాస్తాను. నాలుగు లైన్లు కావాలి."

"పంతొమ్మిదేళ్ళలో నువ్వెప్పుడూ నాలుగు అడగలేదు."

"అందుకే ఇప్పుడడుగుతున్నాను."

వెండెల్ బుర్ర గోక్కుని, టైర్ల ప్రకటనలోంచి 'వారంటీ ఉంది' అన్న లైను తీసేశాడు. డెల్ఫీనా తొందరపడలేదు. సెప్టెంబరు పది దాకా ఆగింది. ఆ రోజు ఇలా వచ్చింది:

"ముప్పై ఏడేళ్ళ కిందట ఇదే రోజున ఫిలడెల్ఫియాలో బ్యాటు పట్టినవాళ్ళు ముప్పై ఏడుగురు. పత్రికలో ఉన్నది ముప్పై ఆరుగురే. ముప్పై ఏడోవాడు నడిచి బేసెక్కి, అక్కడే మిగిలిపోయాడు. అతని పేరు అంకెలు చెప్పలేవు. ఎనోస్ డీట్రిక్ చెప్పగలడు. మనవాళ్ళెవరూ ఆడలేదని రాయడం నా తప్పు."

ఆ సాయంత్రం టెలిఫోన్ బల్లమీద దీపాలన్నీ ఒక్కసారే వెలిగాయి. అందరికీ చెప్పుల కొట్టు నంబరే కావాలి. ఆ కొట్టుకి ఫోనే లేదు. చివరికి జనమే అక్కడికి నడిచి వెళ్ళారు. మిల్లువాళ్ళు చిరగని బూట్లు కూడా కుట్టించుకున్నారు. ఎనోస్ ఆ కాగితం ముక్కని అద్దంలో బిగించి గోడకి కొట్టాడు. తప్పు ఒప్పుకున్నందుకు ఆమె చోటు పోతుందేమోనని ఊరంతా భయపడింది. టైర్లాయనే స్వయంగా వచ్చి, "ఆవిడ పక్కన ఉంటేనే నా ప్రకటన ఎవడైనా చదివేది, ఆవిణ్ణి కదిలించకండి" అన్నాడు.

పది రోజుల తరవాత డెల్ఫీనా చెప్పుల కొట్టుకి వెళ్ళింది.

"మిస్టర్ డీట్రిక్, ఆ రోజు మీరు రెండో బేసు దొంగిలించారట?" బంతి విసిరేవాడి కన్నుగప్పి ముందు బేసుకి ఉరకడాన్ని ఆ ఆటలో అలాగే అంటారు.

"ఎవరు చెప్పారు?"

"పొద్దుట్నించి నాలుగు ఫోన్లు కలిపాను. నాలుగింటిలోనూ అదే."

ఎనోస్ మడమలోకి ఒక మేకు దించాడు. "దొంగిలిస్తే మీ లెక్కేమైనా తప్పుతుందా?"

ఆమె ఆలోచించింది. వచ్చినవాడు వచ్చాడు, మిగిలినవాడు మిగిలాడు. "తప్పదు," అంది.

"మరింకేం?"

"పదకొండుసార్లు విన్నాను. ఎప్పుడూ లేదే ఈ దొంగతనం?"

ఎనోస్ సుత్తి కింద పెట్టాడు. "ఇన్నాళ్ళూ దాని మీద చెయ్యి వేయాలంటే భయమేసేది మిస్ క్రాట్జర్. ఉన్నదే ఎవరూ నమ్మలేదు. ఇంకో ముక్క కలిపితే అదీ పోయేది. ఇప్పుడు మీరు గట్టి పునాది వేశారు కదా."

డెల్ఫీనా సంచీలోంచి నోటు పుస్తకం తీసి, అతని పేజీ తిప్పి, చేపకీ ఎలుగుబంటికీ కింద, ఇన్నాళ్ళూ కదలకుండా ఉన్న ఆ వరసలో తేదీ వేసింది. పెన్సిలు ఎత్తి పట్టుకుని అడిగింది:

"ఆ బేసులోకి తల ముందు పెట్టి జారారా, కాళ్ళు ముందు పెట్టా?"

"తలే!" అన్నాడు ఎనోస్.

రాసుకుంది.