అమ్మ వెండి కళ్ళు ఎవరికిచ్చింది?

అమ్మకు ఎడమ కంటి చూపు ఎప్పుడో పోయింది. మిగిలిన, మసకబారిన కుడి కంటికి శుక్రవారం పొద్దున పంజగుట్టలోని ఒక ఆసుపత్రిలో ఆపరేషన్. గురువారం సాయంత్రం ఐదింటికల్లా చేరాలి. ఆ ఒక్క పగటిలో తనను రెండు గుళ్ళకు తీసుకెళ్ళమంది. ఒకటి మా అమీర్‌పేట పక్కనే ఉన్న బల్కంపేట ఎల్లమ్మ. రెండోది శంషాబాద్ దగ్గరి పాత రామాలయం, నాన్న ఉన్నప్పుడు ఇద్దరూ కలిసి వెళ్ళిన గుడి. అక్కడ స్వామి పాదాలకు తాకించి హుండీలో వేయించాలని ఒక జత వెండి కళ్ళు కొని కొంగున ముడివేసుకుంది. నాకు మొక్కుల మీద పెద్దగా నమ్మకం లేదు. ఉన్నదల్లా భయం. ఆ కన్ను కూడా పోతే ఎలా అని వారం రోజులుగా అన్నం సయించలేదు.

ఎల్లమ్మ గుడికి పొద్దున్నే ఆటోలో పది నిమిషాల్లో వెళ్ళిపోయాం. అక్కడ అమ్మవారు నేలమట్టానికి కింద, పాత బావిలో ఉంటుంది. మంగళవారం, ఆదివారం తొక్కిసలాటగా ఉంటుంది కాబట్టి గురువారం వెళ్ళడం మంచిదైంది. తీర్థం కళ్ళకు అద్దుకుని అమ్మ చాలాసేపు నిలబడింది. నేను గడియారం చూసుకుంటూ నిలబడ్డాను.

టిఫిన్ అయ్యాక కారు మాట్లాడుకున్నాం. రోజంతటికీ రెండు వేల రెండు వందలు. డ్రైవరు మల్లేశ్. మెహిదీపట్నం మీదుగా పైవంతెన రోడ్డెక్కి శంషాబాద్ చేరేసరికి పదకొండు దాటింది. గుడి పన్నెండింటికి మూసేస్తారు. ఎత్తైన గోపురం, చుట్టూ కొబ్బరిచెట్లు, ప్రశాంతంగా ఉంటుందనుకుంటే లోపల సినిమా షూటింగ్. తీగలు, లైట్లు, అరుపులు. అమ్మను ముందు మండపం మెట్ల మీద కూర్చోబెట్టి కొబ్బరికాయ కోసం బయటికి పరిగెత్తాను. వచ్చేసరికి అమ్మ ముఖం తేలికగా ఉంది.

"పూజారి గారు ఇటే వచ్చారురా. కళ్ళు ఆయన చేతిలో పెట్టేశాను. గోత్రం, పేరు కూడా చెప్పాను."

లోపలి పూజారే ఏదో పనిమీద బయటికొచ్చి ఉంటాడనుకున్నాను. దర్శనం చేసుకున్నాం, మా వెనకే తలుపులు వేసేశారు. షూటింగ్ వాళ్ళు కూడా సామాను సర్దుకుంటున్నారు. దారిలో భోజనం చేసి తిరిగి బయల్దేరాం.

కారు మెహిదీపట్నం దాటాక అమ్మ అంది, "ఏంటోరా, ఆ పూజారి గారి చేతుల్లోంచి గంధం వాసన రాలేదు. పౌడరు వాసన వచ్చింది."

అది మేకప్ పౌడరు; అమ్మ కళ్ళు ఇచ్చింది పూజారి వేషం వేసిన నటుడికి. అంత పెద్ద షూటింగ్ కళ్ళముందు పెట్టుకుని ఒక్క మాట అడగకుండా వచ్చేశాను. దాచలేక చెప్పేశాను. అమ్మ ఏడవలేదు, తిట్టలేదు.

"అయితే మొక్కు తీరలేదన్నమాట. తీరేదాకా నేను ఆపరేషన్ బల్లెక్కను."

ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేశారు, ఎక్కడున్నారని. మూడున్నర అయింది. ఈ డాక్టరు సమయం మళ్ళీ దొరకాలంటే నెల పడుతుంది. అంతదాకా ఆ కన్ను ఆగదని ముందే చెప్పారు. మల్లేశ్ అద్దంలోంచి నన్ను చూశాడు.

"ఫికర్ చేయకు సార్. జూనియర్ ఆర్టిస్టులు మస్తుమంది కృష్ణానగర్‌లనే ఉంటరు. ఆళ్ళ బస్సు గాడికే వస్తది."

వెళ్ళి ఆగాం. కాసేపటికి బస్సు వచ్చింది. సగం తుడుచుకున్న రంగులతో మనుషులు దిగుతున్నారు. ఒకతన్ని ఆపి పూజారి వేషం వేసినాయన ఏడని అడిగాను.

"నర్సింగా? బస్సెక్కలే అన్నా. గుడికాడనే ఆగిండు, ఏమో పనుందన్నడు."

వెండి పట్టుకుని ఉడాయించాడనుకున్నాను. ఆ మాట పైకే అనేశాను. కారు కిటికీలోంచి అమ్మకు అంతా వినబడుతోంది. ఖాళీ కొంగు ముడి విప్పుతోంది, మళ్ళీ వేస్తోంది. ఆ మనిషి నా వైపు అదోలా చూసి, తనే నర్సింగ్‌కు ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు. స్పీకరు పెట్టి అమ్మ దగ్గరికి పట్టుకెళ్ళాను.

"అమ్మా, నేను పూజారిని కాదని చెప్పేలోపే షాట్‌కు పిలిచిండ్రు. మల్ల చూస్తే మీరు లేరు, గుడి సుత మూసిండ్రు. పాదాలకు తాకియ్యమంటివి కద. తెరిచేదాక ఆగుదమని గీడనే కూసున్న."

"మరి నీ బస్సు వెళ్ళిపోయింది కదయ్యా?"

"పోతే పోనియ్. ఇప్పుడే తలుపులు తీస్తుండ్రు. గాని నువ్వు చెప్పిన గోత్రం మరిచిపోయిన, డైలాగు టెన్షన్‌ల ఉంటి. జర మల్ల చెప్పు."

అమ్మ గోత్రం, పేరు నిదానంగా చెప్పింది. అతను అటునుంచి పలికి చూసుకున్నాడు.

"మరి నీ గోత్రమేంటి బాబూ?"

"మాకు గవన్ని తెల్వదమ్మా."

"అయితే మా గోత్రంలోనే నీ పేరూ చెప్పించు. నా కొడుకువని చెప్పు."

అతను మా గోత్రం పక్కన తన పేరు పెట్టి పలికి చూసుకున్నాడు. వెనక గుడి గంట వినబడింది. అమ్మ ఫోన్ నాకిచ్చేసి, "పద, ఆలస్యమవుతోంది" అంది. మల్లేశ్ అప్పటికే కారు స్టార్ట్ చేశాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. అది మొక్కు ఫలమా, డాక్టరు చేతి చలవా అని ఎవరైనా అడిగితే నాకు తెలియదు. గర్భగుడి దాకా వెళ్ళి వచ్చిన నాకంటే, బయట మెట్ల మీద ఎదురుచూసిన మనిషికే ఆ రోజు గుడి ఎక్కువ దక్కిందనిపిస్తుంది. మీరు వెళ్తే పదింటికల్లా చేరండి. షూటింగ్ జరుగుతుంటే మొక్కులు గర్భగుడి గడప దగ్గర ఉన్న పూజారికే ఇవ్వండి. అమ్మ మాత్రం ఈ సలహా ఒప్పుకోదు. ఇప్పుడు టీవీలో గుడి సీను వస్తే చాలు, హీరో ఎవరో పట్టించుకోదు. కుర్చీ ముందుకు జరుపుకుని, తాను ఒక్కసారి కూడా సరిగ్గా చూడని కొడుకు ముఖం కోసం పూజారుల్లో వెతుకుతుంది.