మినుములు నూర్చిన మా ఫియట్: గుడివాడ మీదుగా మోపిదేవికి

మా ఫియట్ కారు ముందు చక్రాలు మూలగకపోతే మేము ఈ ప్రయాణం పెట్టుకునేవాళ్ళమే కాదు. బందరు రోడ్ల మీద గుంతలో దిగిన ప్రతిసారీ ముందు భాగం ఠంగుమనేది. వేగం పెంచితే ఎడమ చక్రం నుంచి సన్నగా ఒక మూలుగు మొదలయ్యేది. నాన్న నాకు డ్రైవింగ్ నేర్పింది ఆ కారులోనే. తను కొత్త బండి కొనుక్కున్నాక ఈ ఫియట్ తాళాలు నా చేతిలో పెట్టాడు. అందుకని దాన్ని ఎవరేమన్నా నాకు కోపం పొడుచుకొచ్చేది. ఎక్కువగా అనేది మా ఆయనే. మేనత్త కొడుకు కాబట్టి పెళ్ళయినా నాకు బావే. మేముండేది బందరులోనైనా ఆయనకు నందివాడ దగ్గర వ్యవసాయం, సొంత ట్రాక్టరు. ఆయన లెక్కలో పనికొచ్చేది ఒక్కటే బండి, అది నా కారు కాదు. చివరికి ఒకరోజు తేల్చి చెప్పేశాడు. "ఈసారి బాగు చేయించు. చేయించాక దివిసీమ రోడ్ల మీద మోపిదేవి గుడిదాకా తిప్పుకొద్దాం. దారిలో ఆగిందా, మర్నాడే అమ్మేస్తాను. బేరానికి ఒకాయన వస్తానన్నాడు." నేను సరే అన్నాను గానీ, ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు.

అప్పటికి సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాలేదు. మార్చి నెల. పొద్దున ఆరింటికి బయలుదేరి పెడన, గుడ్లవల్లేరు మీదుగా గుడివాడ చేరేసరికి గంట పైనే పట్టింది. పాత ఫియట్‌లకు మస్తాన్‌గారి షెడ్డని అక్కడ ఎవరిని అడిగినా చెప్తారు. ఆయన ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపి చూపించాడు. చక్రం పాలపన్నులా కదిలింది.

"చూశారా అమ్మా, ఎంత ఆట ఉందో! చక్రం పక్కకు తిరగడానికుండే కింగ్‌పిన్లు అరిగాయి, బుష్‌లు పోయాయి. చక్రం నడుమ హబ్బులో బేరింగ్ గ్రీజు లేక ఎండిపోయింది. మూలగక ఏం చేస్తుంది పాపం?"

"పాపం అంట!" అని బావ నా వంక చూసి నవ్వాడు.

కింగ్‌పిన్లు, బుష్‌లు మార్చి, హబ్బులు విప్పి కిరసనాయిలుతో కడిగి, కొత్త బేరింగులూ సీళ్ళూ వేసి గ్రీజు పట్టించేసరికి మధ్యాహ్నం అయింది. ఇలాంటి పనికి వెళ్ళేవాళ్ళు ఒక పూట పూర్తిగా కేటాయించుకోండి. సామాన్లూ కూలీ కలిపి మాకు రెండు వేలు దాటింది. కూరగాయలు బేరమాడకుండా కొనని బావ, ఆ డబ్బు మాత్రం మారుమాట్లాడకుండా ఇచ్చాడు. అమ్మేముందు ఆఖరి ఖర్చు అనుకున్నాడేమోనని నాకు అనుమానం వచ్చింది.

భోంచేసి పామర్రు దారి పట్టాం. ఠంగుమనడం లేదు, మూలుగు లేదు. స్టీరింగ్ వేలితో తిప్పితే తిరుగుతోంది. చల్లపల్లి దాటేదాకా బావ వంక పెట్టడానికి ఏమీ దొరక్క కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నాడు. సాయంత్రం గుడి తెరిచేవేళకు మోపిదేవిలో ఉంటామని నేను ధీమాగా ఉన్నాను.

ఒక మలుపు తిరగగానే రోడ్డంతా మినప చేను కోసుకొచ్చి పరిచి ఉంది. వచ్చేపోయే బండ్లు తొక్కితే కాయ పగిలి మినుములు రాలతాయి, అక్కడి నూర్పిడి అదే. నేను మెల్లగా దాటబోతుంటే గట్టు మీద నిలబడ్డ పెద్దావిడ చెయ్యెత్తింది.

"అమ్మాయ్, పుణ్యముంటది, ఓ నాలుగు చుట్లు తిప్పిపోమ్మా! ట్రాక్టరు వస్తానని రాలా. మబ్బు పడతంది."

నేను నోరు తెరిచేలోపే బావ కారు దిగి, పంచె ఎగ్గట్టి, ఆవిడ చేతిలోని పంగల కర్ర అందుకున్నాడు. "తిప్పు తిప్పు. నేను తీగ తిరగేస్తా" అన్నాడు. ముందుకూ వెనక్కూ ఎన్నిసార్లు నడిపానో లెక్కలేదు. చిటపటమని కాయలు పగులుతుంటే బావ చిన్నపిల్లాడిలా కేకలు వేశాడు. పెళ్ళయ్యాక ఆయన్ను అంత సంతోషంగా చూసిన రోజులు తక్కువ. నేనూ ఒళ్ళు మరిచిపోయాను.

అక్కడ సెలవు తీసుకుని కొద్దిదూరం వెళ్ళామో లేదో, ఎడమ చక్రం నుంచి కాలిన వాసన. స్టీరింగ్ బరువెక్కింది. కారు పక్కకు తీసి ఆపి, దిగి చూస్తే మినప తీగలు చక్రం వెనక హబ్బుకు తాడు పేనినట్టు బిగుసుకుపోయాయి. రోడ్డు పక్కన నిలబడి ఏడ్చేశాను. పందెం ప్రకారం కారు దారిలో ఆగినట్టే, ఇక దాని సంగతి అంతే.

బావ వెనక్కి నడిచి వెళ్ళి, ఆ పెద్దావిడ కొడుకును స్పానర్లు, కిరసనాయిలు, గ్రీజు డబ్బాతో సహా వెంటబెట్టుకొచ్చాడు. బావది ట్రాక్టరు చక్రాలు విప్పిన చెయ్యి కదా, డ్రమ్ము ఊడదీసి తీగలు కోసేశాడు. సీలు అంచు నలిగిందే గానీ తెగలేదు. బేరింగ్ కడిగి, అరచేతిలో గ్రీజు వేసుకుని లోపలికి ఒత్తి, నట్టు బిగించి, మళ్ళీ ఒక పిసరు వదులు చేసి చక్రం తిప్పి చూశాడు. మోచేతుల దాకా గ్రీజు. అదే అవతారంతో గుడికి వెళ్ళి, బయట కుళాయి దగ్గర కడుక్కుని దర్శనం చేసుకున్నాం. బందరు చేరేదాకా పందెం మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మార్చిలో ఆ దారిన వెళ్ళేవాళ్ళు మినుములు పరిచిన చోట దాటగానే దిగి ముందు చక్రాల వెనక చెయ్యి పెట్టి చూసుకోండి, తీగ కనిపిస్తే అక్కడే లాగేయండి. నా మటుకు నాకు ఆ ప్రయాణంలో గుర్తుండిపోయింది గుడి కాదు, రోడ్డు మీద పంగల కర్ర పట్టుకున్న బావ. నేను ప్రేమించిన వస్తువును ఆయన తన పనికి వస్తే తప్ప ప్రేమగా చూడలేడని ఆ రోజే అర్థమైంది. అంతవరకూ అది ఆయన మొండితనం అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే బేరమాడే ఆయన వచ్చాడు. వంటింట్లోంచి చెవులు రిక్కించి వింటున్నాను.

"నిన్న దివిసీమ తిప్పుకొచ్చారంటగా. ఎక్కడన్నా ఆగిందాండీ?"

బావకు అబద్ధం చెప్పడం చేతకాదు. "అది ఆగలా అండీ, మేమే ఆపాం. మినుములు నూర్చింది. పనిచేసే బండిని అమ్ముకుంటామా?"

ఆయన వెళ్ళిపోయాక బావ వంటింట్లోకి వచ్చి తాళాలు నా చేతిలో పెట్టాడు.

"ఆదివారం నందివాడ తీసుకురా. మన మినుములూ పరిచి ఉంటాయి."