ఎర్ర గీత దిగిన పొద్దు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, పట్టిన పట్టు వదలను. నాందేడ్‌లో రెండింజన్ల విమానం నేర్చుకునే రోజుల్లో ఆ మొండితనం ఇద్దరి ప్రాణాల మీదికి తెచ్చింది.

నేర్పే సార్ నిజామాబాద్ వైపు రైతు బిడ్డ. మాది తెలంగాణ సరిహద్దున బిలోలి దగ్గర ఊరు, పత్తి చేలు. అందుకే రేడియోలో ఇంగ్లిష్, మా మధ్య మన తెలుగు మాటే. ఆయన దోస్తు ఒకాయన, ఏళ్ల కింద, ఒక ఇంజన్ ఆగిన విమానం కూలి చనిపోయాడని తోటివాళ్లు చెప్పారు. సార్ మాత్రం ఎన్నడూ ఆ ఊసెత్తలేదు.

ఆ పొద్దున గోదావరి మీద, బాగా ఎత్తులో, ఒక ఇంజన్ ఆగితే ఏం చేయాలో నేర్పడానికి, సార్ ఎడమ ఇంజన్ పవర్ పూర్తిగా తగ్గించారు. కుడిది ఫుల్లుగా ఉంచి, నేను ముక్కు కొద్దికొద్దిగా ఎత్తుతూ వేగం తగ్గించాలి. వేగం చూపే ముల్లు డయల్ మీది ఎర్ర గీత దగ్గరికి వస్తే విమానం ఎడమకు గుంజుతుంది. గీత దిగితే కుడి పెడల్ ఎంత తొక్కినా ఆగదు. అప్పుడు బాగున్న ఇంజన్‌నే తగ్గించి ముక్కు దించాలి. ఎన్నిసార్లు చదివానో! కానీ చెయ్యి రాలేదు. పనిచేసేది ఒక్కటే ఉంటే దాన్నీ తగ్గిస్తారా ఎవరైనా? పళ్లు బిగబట్టి పెడల్ తొక్కాను.

"తగ్గియ్యమ్మా," అన్నారు సార్.

"నేను ఆపుత సార్!"

ఎడమ రెక్క ఒక్కసారిగా పడిపోయింది. అద్దం నిండా గోదావరి గిర్రున తిరిగింది. సార్ నా చెయ్యి తోసేసి, ఇంజన్ల పవర్ లీవర్లు రెండూ వెనక్కి లాగి, ముక్కు దించారు. కాసేపటికి విమానం నిలదొక్కుకుంది.

దిగాక తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. రెక్క నీడలో కూర్చుని అడిగారు.

"మీ ఇంట్ల ఎడ్లబండి ఉండెనా?"

"ఉండె సార్."

"ఎడమెద్దు కూలవడ్డది. కుడిదాన్ని కొడితే బండి ఏడికి పోతది?"

"ఎడమకు తిరిగి కాల్వల పడ్తది."

"మరి ఏం చేస్తవ్?"

"కుడిదాని పగ్గం గుంజుత."

"గది ఎర్కుండి కూడ కొడ్తివి గదమ్మా. నీ చెయ్యి దానంతట అది ఎన్కకు అచ్చేదాంక పరీక్షకు పంప."

సిగ్గుతో చచ్చిపోయాను. రాత్రి మంచం మీద కూర్చుని, లీవరు లాగుతున్నట్టు ఉత్త చెయ్యి పదేపదే వెనక్కి లాగాను.

మర్నాడు మళ్లీ అదే నది మీదికి వెళ్లాం. ముల్లు గీతకు చేరుతుండగా ముక్కు ఎడమకు జరిగింది. సార్ నోరు తెరవకముందే నా చెయ్యి కుడి లీవరును లాగింది. ముక్కు దించాను. విమానం తిన్నగా నిలబడింది. శభాష్ అంటారని ఆశగా చూశాను. ఆయన కిందికి, నీళ్లకేసి చూస్తున్నారు.

"గింతే పనమ్మా," అన్నారు. "గింత చేస్తే మావోడు ఇంటికి అచ్చేటోడు."