పసుపు బొట్ల వైవా

లోకంలో ఉన్న జ్ఞానమంతా నా సంచీలోనే ఉందని నమ్మిన రోజులవి. ఇంగ్లీషు సాహిత్యంలో పీహెచ్‌డీ చేస్తున్నాను మరి! విషయం: పెళ్లి చేసుకోకుండా బతికి, ఆ బతుకు గురించి వ్యాసాలు రాసుకున్నవాళ్లు. రాజాంలో మా పెద్దమ్మకి ఈ మాట చెబితే ముక్కున వేలేసుకుంది. "పెల్లి సేసుకోనోల్ల గురించి సదవడానికి ఐదేల్లేటే? మన ఈదిలో అడిగితే ఒక్క పూటలో సెప్పెయ్యరా?" (అది మంచి పరిశోధనా పద్ధతేనని అప్పుడు తట్టలేదు.)

చివరికి వైవా వచ్చింది. పరీక్షకుల ముందు నిలబడి నా థీసిస్‌ని నేనే నిలబెట్టుకోవాలి. తడబడితే మళ్లీ రాసుకు రమ్మంటారు. ఎవరైనా వచ్చి వినొచ్చు, ప్రశ్నలూ అడగొచ్చు. ఆ నోటీసు సంబరంగా వాట్సాప్‌లో ఇంటికి పంపాను. కింద 'అందరూ ఆహ్వానితులే' అని ఉంది. అంతే! పెద్దమ్మ దాన్ని జిరాక్సులు తీయించి, నాలుగు మూలలా పసుపు రాసి, ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి మరీ పిలిచేసింది.

ఆ రోజు హాలునిండా పట్టుచీరలే. నేను కాగితాలు సర్దుకుంటుంటే పెద్దమ్మ వచ్చి చెవిలో ఊదింది. "ఒసే, మూడో వరసలో నీలం సొక్కా కుర్రోడిని సూడు. పాతపట్నం సమ్మందం. పక్కన ఆల్లమ్మ. ఎలాగూ తయారై ఉంటావు కదా, మల్లీ ఏరేగా సూపులెందుకని రమ్మన్నాను!" ఓరి నాయనో! పెళ్లిచూపుల్లో నిలబడి, పెళ్లి లేని బతుకు గురించి గంటసేపు మాట్లాడాలి నేను!

మాట్లాడాను. రెచ్చిపోయి మాట్లాడాను. పరీక్షకుల ప్రశ్నలన్నిటికీ టకటకా జవాబులిచ్చాను. "సభలో ఎవరైనా అడుగుతారా?" అన్నారు పరీక్షకుల్లో పెద్దాయన. కుర్రాడి తల్లి లేచింది. "ఒంటరిగా ఉంటే జొరం వచ్చినపుడు గంజి ఎవులు కాస్తారమ్మా?"

హాలంతా గొల్లుమంది. అన్ని పేజీల్లో ఎక్కడా దీనికి జవాబు లేదే! ఓడిపోతానన్న భయంతో, ఆవిణ్ణి ఇరికిద్దామనే అన్నాను: "మీకు జొరం వస్తే ఎవులు కాస్తారండీ?"

ఆవిడ కొడుకు వైపు చూసింది, చీర కొంగు సర్దుకుంది. "నేనే కాసుకుంటానమ్మా" అని కూర్చుంది. ఎవరూ నవ్వలేదు. పెద్దాయన కలం కిందపెట్టి, "మీ థీసిస్‌లో ఈ అధ్యాయం లేదు. పుస్తకంగా వేసేటప్పుడు చేర్చండి" అని, నా పేరు ముందు డాక్టర్ తగిలించి పిలిచారు. ఎగిరి గంతేశాను!

ఆ సంబంధం కుదరలేదు. ఆ అధ్యాయం రాశాను, దానికి మెచ్చుకోళ్లూ వచ్చాయి. ఇప్పుడు పిల్లలకి పాఠం చెబుతూ ఆ పిల్లని, అంటే నన్నే, తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త సిగ్గూ వేస్తుంది. పుస్తకం ముందుమాటలో ప్రొఫెసర్లందరికీ కృతజ్ఞతలు చెప్పాను. గంజి మాట అడిగిన ఆవిడకీ చెబుదామనుకుంటే, పేరే అడగలేదు.