ధనియాల సంచిలో చెయ్యి

మా పాపకు తొమ్మిదేళ్ళు. ఇప్పటికీ అన్నం నేనే కలిపి తినిపించాలి. తడి ఏదైనా వేళ్ళకు తగిలితే చాలు, చెయ్యి విదిలించుకుంటూ ఏడుస్తుంది. మాటలు కూడా లేవు. జోగిపేటలో మా మామగారి కిరాణా దుకాణానికి తీసుకెళ్తే మాత్రం నేరుగా ధనియాల సంచి దగ్గరికి పోయి, మోచేతి దాకా చెయ్యి దూర్చి హాయిగా కూర్చుంటుంది. అంత భయస్తురాలికి ఆ గింజల్లో ఏం దొరుకుతుందో నాకెప్పుడూ అంతుపట్టలేదు.

నా బెంగ ఒక్కటే. నేను లేని రోజున దీనికి ముద్ద ఎవరు పెడతారు?

పటాన్‌చెరులో ఫ్యాక్టరీల వెనక సందులో ఇలాంటి పిల్లల కోసం ఒక కేంద్రం ఉంది. మొక్కలు పెంచడమే అక్కడి చికిత్స అంటే నవ్వొచ్చింది. మొక్కలు మాట్లాడవు, నా కూతురూ మాట్లాడదు, జోడీ బాగానే కుదిరింది అనుకున్నాను. అయినా తీసుకెళ్ళి చేర్పించాను. అక్కడ సగానికి కోసిన నీలం డ్రమ్ముల్లో మట్టి నింపి పెట్టారు.

"ఈ డ్రమ్ములల్ల ఇంతకుముందు ఏముండె?" అని అనుమానంగా అడిగాను.

"బిస్కెట్ల ఫ్యాక్టరీది పాకం, అక్కా," అంది టీచర్. ఆమెది హత్నూర వైపు, రైతుల ఇల్లు. "మట్టిల చెయ్యి పెట్టుకుంట పెట్టుకుంట తడి అలవాటైతది. జల్దీ ఏం లేదు."

పాప చెయ్యి పెట్టలేదు. ఆ నెలంతా చేతులు వెనక్కి కట్టుకుని డ్రమ్ము పక్కన నిలబడింది. నాకు మట్టి మీదా టీచర్ మీదా కోపమొచ్చింది.

ఒకరోజు కొత్తిమీర వేయాల్సి వచ్చింది. ధనియాలు రెండేసి బద్దలుగా విరిగితే బాగా మొలుస్తాయట. వాటిని నేల మీద పోసి, రుద్దడానికి టీచర్ చెప్పు తీసింది. అవే గింజలు అమ్ముకుని బతికే ఇంటిదాన్ని, నాకు ఒళ్ళు మండింది.

"తినే గింజల మీద చెప్పేంది?" అన్నాను.

"మా ఇంట్ల గిట్లనే చేస్తరు, అక్కా."

మేమిద్దరం ఇలా వాదించుకుంటుండగానే పాప కూర్చుని, ఆ గింజలను గరుకు గచ్చుకేసి అరచేత్తో రుద్దడం మొదలుపెట్టింది. విరిగిన బద్దను వాసన చూసింది. మళ్ళీ రుద్దింది.

"సూడు, మన లొల్లి బిడ్డనే తెంపింది," అంది టీచర్.

బద్దలు చల్లింది పాపే. మట్టి కప్పింది నేను. ఆ తర్వాత పాప వెళ్ళిన ప్రతిసారీ వంగి ఆ మట్టిని వాసన చూసేది. తన ధనియాలు ఎటు పోయాయని వెతికేదో ఏమో. మొలకలు లేచాక ఒక వేలు మట్టిలో గుచ్చింది. వేలు తడిసింది. నేను తువ్వాలుతో పరుగెత్తాను. ఏడవలేదు, వేలు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఆలోచించింది. ఏముందా వాసనలో? ఇంటికొచ్చి నేనూ ధనియాలు నలిపి చూశాను, తడిమట్టి కలిపి కూడా చూశాను. నాకేమీ తెలియలేదు.

మొన్న ఆ కొత్తిమీరే కోసి పప్పులో వేశాను. అన్నం కలిపి, అన్నప్రాశన నాటి నుంచీ అంటున్నట్టే "ఆ అను" అన్నాను. పాప నోరు తెరవలేదు. కంచంలో పచ్చగా కనిపించిన ఆకును వేళ్ళతో పట్టుకుంది. దాంతోపాటు కాస్త పప్పన్నం కూడా వచ్చింది. ఇక ఏడుస్తుందని నేను తువ్వాలు అందుకున్నాను. ఏడవలేదు. వాసన చూసి, ఆ ముద్దను నా నోటి దగ్గరికి తెచ్చింది.

"ఆ," అంది.

నేను నోరు తెరిచాను.