చెల్లెలి బిడ్డ కోసం రాయించిన అఫిడవిట్

కొరియర్ కవరులో రెండు పాస్‌పోర్టులు వచ్చాయి. నా దాంట్లో వీసా అతికించి ఉంది. పాప దాంట్లో ఏమీ లేదు. దాంతోపాటు మడిచిపెట్టిన నాలుగు కాగితాలున్నాయి. జగ్గయ్యపేటలో మేముండే అద్దె ఇంటి గుమ్మంలోనే నిలబడి ఆ నాలుగు కాగితాలూ చదివాను. ల్యాబ్‌లో రిపోర్టులు టైపు చేసే ఉద్యోగం నాది, ఇంగ్లీషు ఒక మాదిరిగా అర్థమవుతుంది. ఈ బాలికను మీ కుమార్తెగా అంగీకరించలేము అన్న వాక్యం మాత్రం నాలుగుసార్లు చదవాల్సి వచ్చింది.

పాప అప్పుడు ఆరో తరగతి. బడి నుంచి వచ్చి బూట్లు విప్పుతూ, "వచ్చాయా అమ్మా? ఎప్పుడెళ్తున్నాం?" అంది.

"ఇంకా కొన్ని కాగితాలు కావాలంట నాన్నా," అన్నాను.

పాప నా కడుపున పుట్టలేదు. నా చెల్లెలి కూతురు. నందిగామ ఆసుపత్రిలో పాపను కన్న మూడో రోజున రక్తం ఆగక మా చెల్లెలు పోయింది. మాకు పెళ్లయి ఆరేళ్లయినా పిల్లలు లేరు. చెల్లెలి భర్తది చందర్లపాడు, వ్యవసాయం. ఇంట్లో ఆడదిక్కు లేదు. పదకొండో రోజు కర్మలన్నీ అయ్యాక పాపను తెచ్చి నా ఒళ్లో పెట్టి, "నువ్వే పెంచు వదినా," అన్నాడు. ఆ మాట అని బయటికి వెళ్లిపోయి గోడకు ముఖం పెట్టుకుని ఏడ్చాడు. తర్వాత ఆయన మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మేం నందిగామ వదిలి జగ్గయ్యపేటకు వచ్చేశాం. నలుగురూ నాలుగు మాటలు అనకముందే పాపను దూరంగా తెచ్చుకోవాలన్నది నా ఆలోచన. పాపకు నేనే అమ్మను, మా ఆయనే నాన్న. ఏటా ఆగస్టులో పుట్టినరోజుకు బండిమీద జామకాయలో మొక్కజొన్న కంకులో కట్టుకొచ్చే మనిషి పాపకు చందర్లపాడు బాబాయి.

మా ఆయన నర్సు. పాప ఒకటో తరగతిలో ఉండగా బ్రిటన్ వెళ్లారు. వెళ్లేముందు నందిగామలో దత్తత పత్రం రిజిస్టర్ చేయించాం. అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి రాగానే మా ఇద్దరికీ దరఖాస్తు పెట్టారు. మన దత్తత వాళ్ల చట్టంలో చెల్లదని, పైగా కన్నతండ్రి బతికే ఉన్నాడని, పాప బాగోగుల్లో ఆయన పాత్ర ఏమిటో మేం చూపించలేదని పాపకు కాదన్నారు. అప్పీలు చేసుకోవడానికి ఇరవై ఎనిమిది రోజులు గడువిచ్చారు.

మా ఆయన అక్కడ ఒక లాయరమ్మను పెట్టారు. తెలుగామే. సాయంత్రాలు ఫోన్లో మాట్లాడేది. ఏమేం కావాలో ఒక్కొక్కటే చెబుతుంటే పాప పాత నోటుబుక్కు వెనక పేజీలో రాసుకున్నాను. ఆసుపత్రి కాగితాలు, చెల్లెలి మరణ ధ్రువపత్రం, స్కూలు వాళ్ల ఉత్తరం, టీకాల కార్డు, పాప చిన్నప్పటి నుంచి ఫొటోలు. చివరిగా కన్నతండ్రి అఫిడవిట్.

"అది చాలా ముఖ్యమండి," అందామె. "కానీ జరిగింది జరిగినట్టే రాయించండి. ఆయన అప్పుడప్పుడూ వచ్చి చూసెళ్తుంటే అదే రాయండి. పాప విషయంలో నిర్ణయాలన్నీ మీరే తీసుకుంటున్నారని తెలిస్తే చాలు."

సరేనన్నాను. ఫోను పెట్టేశాక నాలుగు కాగితాల్లో కన్నతండ్రి గురించి ఉన్న ముక్కను మళ్లీ చదివాను. వచ్చి చూసెళ్తాడని రాస్తే వాళ్ల చేతికి మనమే కత్తి ఇచ్చినట్టు కదా అనిపించింది. ఆ అనుమానం లాయరమ్మను అడిగి ఉండాల్సింది. అడగలేదు.

మరునాడు ల్యాబ్‌కు సెలవు పెట్టి నందిగామ వెళ్లాను. కోర్టు దగ్గర రేకుల షెడ్డులో కంప్యూటర్ పెట్టుకుని అఫిడవిట్లు టైపు చేసే పెద్దాయన ఉన్నాడు. నేను చెప్పిందంతా విని, "అప్పుడప్పుడూ వస్తాడని పెట్టమంటారా అమ్మా? చదివేవాళ్లకి అనుమానం రాదూ?" అన్నాడు.

"అయితే అసలు చూడలేదనే పెట్టండి," అన్నాను.

ఆ మాట నాదే. ఆయన అడిగాడే తప్ప అలా పెట్టమని చెప్పలేదు. పుట్టిన పదకొండో రోజు తర్వాత ఈ బాలికను నేను చూడలేదు, ఆమె ఎలా ఉందో కనుక్కోలేదు, ఆమెతో నాకు ఏ సంబంధమూ లేదు. ఇంగ్లీషులో మూడు వాక్యాలు.

మా మరిది, అదే చెల్లెలి భర్త, పదకొండు గంటలకు వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. కాగితం చేతికిస్తే అటూ ఇటూ తిప్పి, "ఏం రాసారండి ఇందులో?" అని పెద్దాయన్ని అడిగాడు. ఆయన తెలుగులో చెప్పాడు. మరిది కాగితం బల్లమీద పెట్టేశాడు. తర్వాత నన్ను షెడ్డు బయటికి పిలిచాడు.

"వదినా, నేను ఏటా వస్తన్నా గదా."

"వస్తున్నావు. అది రాస్తే పాపకి వీసా రాదు."

"రాకపోకలు లేవంటే సరిపోదా? కనుక్కోను కూడా లేదని రాయాలా?"

"పాప వాళ్ల నాన్న దగ్గరికి వెళ్లాలా వద్దా?" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. పక్కన స్టాంపు కాగితాలు కొనుక్కుంటున్న వాళ్లు తిరిగి చూశారు.

వాళ్ల నాన్న అన్న మాట ఆయనకు ఎక్కడ తగిలిందో ఆ క్షణంలో నేను చూడలేదు. లోపలికెళ్లి నోటరీ ముందు మూడు చోట్ల సంతకం పెట్టాడు. బయటికొచ్చి బండి తాళం తీస్తూ, "మరి ఇంక నేను రాకూడదా వదినా?" అని అడిగాడు.

"కేసు తేలేదాకా వద్దులే," అన్నాను.

ఇంటికి వచ్చేసరికి గడువు ఇంకో ఐదు రోజులుంది. ఫొటోలు మిగిలాయి. ఒక్కో ఫొటో తెల్లకాగితానికి అతికించి, కింద ఎవరెవరున్నారో ఎప్పటిదో ఇంగ్లీషులో రాయాలని లాయరమ్మ చెప్పింది. నా రాత బాగుండదు. పాప రాత ముత్యాల్లా ఉంటుంది. స్కూల్లో బోర్డు మీద రాయడానికి పాపనే పిలుస్తారు. రెండు రోజులు బడి నుంచి రాగానే కింద కూర్చుని అదే పని. నేను ల్యాబ్ నుంచి వచ్చేసరికి అరవై రెండు ఫొటోలకూ రాసేసింది. అన్నప్రాసన, మొదటి రోజు బడి, పరిటాల ఆంజనేయస్వామి విగ్రహం ముందు నాన్న భుజాల మీద కూర్చున్నది. అన్నింటినీ గబగబా తిరగేసి జిరాక్స్ షాపులో స్కాన్ చేయించి పంపేశాను. అందులో మూడు పుట్టినరోజు ఫొటోలున్నాయి. పాప పక్కన మరిది ఉన్నాడు. నేనూ చందర్లపాడు బాబాయీ అని పాప ఇంగ్లీషులో చక్కగా రాసింది. నేను ఆ ఫొటోలను చూశాను. చూసి కూడా నాకు ఏమీ తట్టలేదు. మా ఇంట్లో ఆయన బాబాయి. ఆ పిలుపును అలవాటు చేసిందీ నేనే.

ఆగస్టు వచ్చింది. ఆ ఏడు ఆయన రాలేదు. పాప సాయంత్రం దాకా వీధి వైపు చూసి, "బాబాయికి ఒంట్లో బాలేదా?" అని అడిగింది. పత్తికి మందు కొట్టే పని ఉందంట అని చెప్పాను.

సెప్టెంబరులో లాయరమ్మ మళ్లీ ఫోన్ చేసింది. పాప తన మాటల్లో ఒక ఉత్తరం రాయాలంది. తర్వాత, "పాపకి తెలుసు కదండీ?" అంది.

తెలియదన్నాను.

"మీరు చెప్పాల్సి ఉంటుందండి. జడ్జి అడుగుతారు."

ఆ ఆదివారం పాపకు తలకు నూనె పెడుతూ చెప్పాను. వెనక కూర్చుంటే ముఖం కనిపించదని. చెల్లెలి పేరు చెప్పి, గోడమీద ఫొటోలో ఉన్న పిన్నే నిన్ను కన్నదని చెప్పాను. పాప కదల్లేదు. జడ అల్లడం అయ్యేదాకా అలాగే కూర్చుంది. రబ్బరు బ్యాండు వేస్తుంటే అడిగింది.

"మరి బాబాయికి తెలుసా?"

"తెలుసు."

"తెలిసి కూడా బాబాయ్ అంటే పలికేవాడా?"

పాప లేచి వెళ్లి మొహం కడుక్కుని, లెక్కల పుస్తకం తీసుకుని కూర్చుంది. ఆ తర్వాత రెండు వారాలపాటు నన్ను ఏమనీ పిలవలేదు. ఏదైనా కావాలంటే దగ్గరికొచ్చి నిలబడేది. నేను తల తిప్పి చూసేదాకా అలా నిలబడే ఉండేది. ఉత్తరం రాసి, నాకు చూపించకుండా తనే జిరాక్స్ షాపుకు తీసుకెళ్లింది. అందులో ఏముందో చాలా తర్వాత చదివాను. 'నాకు జ్వరం వస్తే అమ్మ ల్యాబ్‌కు సెలవు పెడుతుంది. అమ్మకు జ్వరం వస్తే సెలవు పెట్టదు. నేను ఆమె దగ్గరే ఉంటాను. నాన్న కూడా ఉంటే బాగుంటుంది.' అంతకుమించి లేదు.

ఈలోగా నా వీసాలో వాళ్లు వేసిన తేదీ దాటిపోయింది. ఆ తేదీలోపు నేను బయల్దేరి ఉండాల్సింది. ముందు నువ్వు వచ్చెయ్యి, పాపను కొన్నాళ్లు ఎవరి దగ్గరైనా ఉంచుదామని ఆ తేదీ దాటకముందే మా ఆయన ఒకసారి అన్నారు. ఎవరి దగ్గర అని అడిగితే ఆయన చెప్పలేకపోయారు.

ఫిబ్రవరిలో అక్కడ విచారణ జరిగింది. మా ఆయన ఒక్కరే వెళ్లి చెప్పారు. ప్రభుత్వం తరఫు మనిషి ఒక పుట్టినరోజు ఫొటో చూపించి, చందర్లపాడు అఫిడవిట్‌లో ఉన్న ఊరే కదా, ఈ బాబాయి ఎవరని అడిగాడట. మా ఆయన ఏమీ దాచే మనిషి కాదు. పైగా మరిది అఫిడవిట్‌లో నేనేం రాయించానో చదవలేదు. పాప కన్నతండ్రి, ఏటా పుట్టినరోజుకు వచ్చి చూసి వెళ్తాడని చెప్పారు. అప్పుడు అఫిడవిట్ ఆయన ముందు పెట్టారు.

ఆ సాయంత్రం ఫోన్ చేశారు. "ఎందుకలా రాయించావు?" అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

మార్చిలో తీర్పు వచ్చింది. పన్నెండు పేజీలు. అప్పీలు కొట్టేశారు. కన్నతండ్రి ప్రమాణం చేసి చెప్పిన మాట అబద్ధమని తేలింది కాబట్టి, కుటుంబం చెప్పిన మిగతా విషయాలను కూడా పూర్తిగా నమ్మలేకపోతున్నానని జడ్జి రాశాడు. పై కోర్టుకు వెళ్లడానికి అనుమతి అడిగాం. అదీ ఇవ్వలేదు. నిజం రాసుంటే గెలిచేవాళ్లమా అని లాయరమ్మను అడిగాను. "కచ్చితంగా అని చెప్పలేనండి. కానీ అవకాశం ఉండేది," అంది.

తీర్పు నా ఫోన్లో ఉంటే పాప చదివింది. పాప ఇంగ్లీషు అప్పటికే నాకన్నా నయం. ఫోను నా చేతికిస్తూ, "ఆ ఫొటోల కింద రాసింది నేనే కదా," అంది.

"నువ్వు రాసింది నిజం నాన్నా. అబద్ధం రాయించింది నేను."

"నాకు ముందే చెప్పుంటే అట్లా రాసేదాన్నే కాదు," అంది పాప. అప్పుడు ఏడ్చింది. ఆ ఆదివారం నూనె పెట్టినప్పుడు ఏడవనిదంతా ఆ రోజు ఏడ్చింది. దగ్గరికి తీసుకోబోతే తోసేసింది. కాసేపటికి తనే వచ్చి నా పక్కన కూర్చుంది.

మరుసటి ఆదివారం ఇద్దరం చందర్లపాడు వెళ్లాం. కేసు పోయిందని ఫోన్లో చెప్పడానికి నాకు మనసొప్పలేదు. మరిది ఇంటి ముందు ఎండిన మిరపకాయలు ఏరుతున్నాడు. పాపను చూసి లేచాడు. చేతులు పంచెకు తుడుచుకున్నాడు గానీ దగ్గరికి రాలేదు. నేను జరిగిందంతా చెప్పాను.

"నా సంతకం వల్ల పోయిందా వదినా?" అన్నాడు.

"కాదు. నువ్వు వద్దన్నా నేనే పెట్టించా. ఆ తప్పు నాది."

ఆయన భార్య మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, పాప వైపు చూసి మళ్లీ లోపలికెళ్లింది. పాప అరుగు మీద నిలబడే, "మా అమ్మ ఫొటో ఇంకేమన్నా ఉందా?" అని అడిగింది. ఆయనకు ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక లోపలికెళ్లి బీరువా తీసిన చప్పుడు వినిపించింది. చాలాసేపు బయటికి రాలేదు. నేను మిరపకాయల ముందు కూర్చుని తాలు కాయలు ఏరి పక్కన పడేస్తూ ఉన్నాను.

ఇది జరిగి మూడేళ్లయింది. మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. పాత తీర్పు దాంతోపాటే వస్తుందని, దాన్ని దాటడం తేలిక కాదని లాయరమ్మ చెప్పింది. మా ఆయన ఏడాదికి మూడు వారాలు వచ్చి వెళ్తున్నారు. అక్కడ ఉద్యోగం వదిలి రాలేనన్నారు. పాపను వదిలి రాలేనన్నాను. ఒకరినొకరు తప్పు పట్టుకోవడం మానేశాం. దాంతోపాటు మాట్లాడుకోవడమూ తగ్గింది. వారానికి రెండు ఫోన్లు, పాప మార్కులు, ఆయన బీపీ మాత్రలు, అంతే.

పాప ఇప్పుడు తొమ్మిదో తరగతి. నెలకో ఆదివారం చందర్లపాడు వెళ్తుంది. నేను నందిగామ దాకా వెళ్లి, చందర్లపాడు బస్సు ఎక్కించి, అది కదిలేదాకా నిలబడతాను. అక్కడ వాళ్లేం మాట్లాడుకుంటారో పాప చెప్పదు. నేను అడగను.